కారు బ్లోయర్ తిరగడం ఆగిపోతే: మోటారు మార్చేముందు చూడవలసినవి

తిరుపతిలో కారు నడిపేవారిలో చాలామందికి హీటర్ మీట ఏ పక్కకు తిప్పాలో కూడా గుర్తుండదు. మే నెలలో ఎండ 42 డిగ్రీలు దాటే ఊళ్లో అది గుర్తుండవలసిన అవసరమూ అంతగా రాదు. అయితే హీటర్ వేడిగాలిని లోపలికి తోసే ఫ్యాన్ వేరు, ఏసీ చల్లగాలిని తోసే ఫ్యాన్ వేరు కాదు. రెండింటికీ ఉన్నది ఒక్కటే. మెకానిక్కులు దానిని బ్లోయర్ అంటారు. అది ఆగిందంటే వేసవిలో ఏసీ పోయినట్టే, వానాకాలంలోనూ చలికాలంలోనూ ముందు అద్దం మీది ఆవిరిని పోగొట్టే గాలి కూడా పోయినట్టే. ఎండాకాలంలో కిటికీలు దించుకొని ఎలాగో ఊరు చేరవచ్చు గాని, మంచులో అద్దం మసకబారితే ఆ అవకాశం ఉండదు.

ఈ సంగతి నాకు తిరుమల నుంచి దిగుతున్నప్పుడు తెలిసివచ్చింది. డిసెంబరు నెల, తెల్లవారుజాము, సన్నని తుంపర. దిగే వాహనాలకు కేటాయించిన మొదటి ఘాట్ రోడ్డు మీద, అయిదుగురు కూర్చున్న కారులో బ్లోయర్ ఉన్నట్టుండి ఆగిపోయింది. రెండు మలుపులు తిరిగేలోపే అందరి ఊపిరీ అద్దం లోపలి వైపు పేరుకొని ఎదురుగా తెల్లటి తెర కట్టింది. పక్క సీటులో ఉన్న మా బావమరిది తువ్వాలుతో తుడుస్తూ ఉంటే, కిటికీలు నాలుగు వేళ్ల మేర దించుకొని, నెమ్మదిగా అలిపిరి చేరాము. మరునాడు ఒక వర్క్‌షాపులో చూపిస్తే, కారు కింద వంగి చూడకుండానే మోటారు కాలిపోయిందని, మొత్తం మార్చాలని తేల్చారు. మనసొప్పక పెద్దవయసు ఎలక్ట్రీషియన్ ఒకాయన దగ్గరకు తీసుకువెళ్లాను. ఆయన గ్లవ్ బాక్స్ కిందకు చెయ్యి పోనిచ్చి, మోటారుకు తగిలించే కప్లర్‌ను ఊడదీసి నా అరచేతిలో పెట్టాడు. అందులో ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు మాడి, కరిగి, పక్కకు ఒరిగి ఉంది. "మోటరుకేమీ కాలేదు సార్. నోటికాడికి కూడు రాకుంటే అది మాత్రం ఏం చేస్తాది?" అన్నాడు.

బ్లోయర్ విషయంలో జరిగే పొరపాటు ఎక్కువగా ఇదే. ఆగినది మోటారు కనుక చెడినదీ మోటారే అనుకుంటారు. బ్యాటరీ నుంచి బయలుదేరిన కరెంటు ఫ్యూజ్, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపి విడదీసే స్విచ్), కప్లర్ దాటి మోటారు చేరి, అక్కడి నుంచి ఫ్యాన్ వేగాన్ని తగ్గించే రెసిస్టర్, స్విచ్ మీదుగా ఎర్త్‌కు, అంటే కారు బాడీకి చేరేదాకా దారిలో ఎక్కడ తెగినా ఫ్యాన్ ఆగుతుంది. కొన్ని కార్లలో స్విచ్, రెసిస్టర్ మోటారుకు ముందు ఉంటాయి, చాలా కార్లలో తరువాత ఉంటాయి. ఈ తేడా ఎందుకు ముఖ్యమో కొలతల దగ్గర చెబుతాను. చెయ్యవలసినదల్లా ఆ దారిలో కరెంటు ఎక్కడిదాకా వచ్చి ఆగిందో కనుక్కోవడమే.

ఆగిన తీరును బట్టి

స్క్రూడ్రైవర్ పట్టేముందు, ఫ్యాన్ ఏ విధంగా ఆగిందో ఒకసారి గుర్తుచేసుకోవాలి, ఎందుకంటే సగం జవాబు అందులోనే దొరుకుతుంది. ఒకటి, రెండు, మూడు నంబర్లలో తిరగకుండా చివరి నంబరులో మాత్రం పూర్తి వేగంతో తిరుగుతోందంటే దోషం దాదాపుగా రెసిస్టర్‌దే. చివరి నంబరులో కరెంటు రెసిస్టర్‌ను తప్పించుకొని నేరుగా పోతుంది కనుక ఆ ఒక్కటీ మిగులుతుంది. దీనికి తలకిందులుగా, చివరి నంబరు ఒక్కటే పనిచేయకపోతే స్విచ్‌లో ఆ నంబరు కాంటాక్ట్ కాలి ఉండవచ్చు, లేదా కొన్ని కార్లలో పూర్తి వేగానికి విడిగా పెట్టే రిలే పోయి ఉండవచ్చు. గుంతలో పడి కుదుపు వచ్చినప్పుడు తిరిగి, మళ్లీ ఆగిపోతుంటే మోటారు లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగాయనో, కప్లర్ వదులైందనో అనుమానించాలి. ఆగడానికి వారం పది రోజుల ముందు నుంచి కీచుమనే చప్పుడు వస్తూ ఉంటే మోటారు బుష్‌లు, అంటే ఇరుసు తిరిగే గుండ్రటి తొడుగులు, ఎండిపోయాయి. ఏ నంబరులోనూ చడీచప్పుడూ లేకుండా ఒక్కసారిగా ఆగిపోతేనే ఫ్యూజ్ దగ్గర నుంచి వరుసగా వెతకవలసి వస్తుంది.

ఇంకొక సంగతి ముందే తేల్చుకోవాలి. నిజంగా ఫ్యాన్ ఆగిందా, లేక ఫ్యాన్ తిరుగుతున్నా గాలి రావడం లేదా? ఇంజిన్ ఆపి, తాళం మాత్రం ఆన్ చేసి, గ్లవ్ బాక్స్‌కు చెవి ఆనిస్తే తెలిసిపోతుంది. మోటారు హోరు వినిపిస్తూ గాలి మాత్రం సన్నగా వస్తుంటే అది కరెంటు సమస్య కాదు. క్యాబిన్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయి ఉంటుంది, లేదా ఏసీ కాయిల్ మీద మంచు గడ్డకట్టి ఉంటుంది.

మొదట ఫ్యూజ్, తరువాత రిలే

కార్లలో సాధారణంగా రెండు ఫ్యూజ్ బాక్సులు ఉంటాయి: ఒకటి డ్రైవర్ మోకాళ్ల దగ్గర డ్యాష్‌బోర్డు కింద, రెండవది బానెట్ కింద బ్యాటరీ పక్కన. మూత లోపలి వైపున్న పటంలో బ్లోయర్ అనో, హీటర్ అనో రాసి ఉన్న ఫ్యూజ్‌ను వెతకాలి. ఫ్యాన్ బొమ్మ మాత్రమే ఉండటం కూడా కద్దు. ఇది ఎక్కువగా 25 లేదా 30 ఆంపియర్లది. బ్లేడ్ ఫ్యూజ్‌లలో 30 ఆకుపచ్చగా, 25 తెల్లగా లేదా రంగులేకుండా, 20 పసుపుగా ఉంటాయి. పైకి బాగానే కనిపించే ఫ్యూజ్ లోపల వెంట్రుకవాసి తెగి ఉండవచ్చు కనుక కంటితో చూసి వదిలేయకూడదు. దానిని ఊడదీయకుండానే, తాళం ఆన్ చేసి, ఫ్యూజ్ వీపు మీద కనిపించే రెండు చిన్న లోహపు చుక్కలనూ, ఒక వైరు కారు బాడీకి ఆనించిన టెస్టింగ్ బల్బు రెండవ వైరుతో తాకి చూడాలి. రెండు చోట్లా వెలిగితే ఫ్యూజ్ మంచిదే. ఒకచోటే వెలిగితే పోయింది. రెండు చోట్లా వెలగకపోతే దోషం ఫ్యూజ్‌కు ముందే ఉంది.

పోయిన ఫ్యూజ్ స్థానంలో అదే అంకె ఉన్నదే వేయాలి. 30 పోయిందని 40 వేయడం, తీగముక్క చుట్టడం, సిగరెట్ పెట్టెలోని వెండికాగితం మడిచి దూర్చడం నేను కళ్లారా చూసినవే. అలా చేసిన తరువాత మాడేది ఫ్యూజ్ కాదు, డ్యాష్‌బోర్డు లోపలి వైరింగ్. కొత్త ఫ్యూజ్ వేసిన వెంటనే పోతే ఎక్కడో వైరు బాడీకి తగులుతోంది. రెండు మూడు రోజులు తిరిగి పోతే మోటారు బిగుసుకుపోయి, తాగవలసినదానికంటే ఎక్కువ కరెంటు తాగుతోంది. ఈ రెండింటికీ తేడా తెలియడం కోసం ఫ్యూజ్ ఏ రోజు వేశారో గుర్తుపెట్టుకోవడం మంచిది.

రిలేను పరీక్షించడానికి సులువైన పద్ధతి, అదే పెట్టెలో అదే నంబరు, అదే ఆకారం ఉన్న మరొక రిలేను తెచ్చి ఆ చోట పెట్టి చూడటం. చాలా కార్లలో హారన్ రిలే ఇందుకు పనికివస్తుంది. ఫ్యాన్ తిరిగిందా, కొత్త రిలే కొనుక్కోవచ్చు. తిరగకపోతే దేని చోటుకు దానిని చేర్చాలి. రిలే క్లిక్కుమన్నంత మాత్రాన మంచిదని నమ్మకూడదు. లోపలి కాయిల్ లాగుతూ చప్పుడు చేసినా, కాంటాక్ట్‌లు మాడి కరెంటును దాటనివ్వకపోవడం మామూలే.

మోటారు దగ్గర చేసే మూడు కొలతలు

బ్లోయర్ మోటారు మన కార్లలో ఎడమవైపు, గ్లవ్ బాక్స్ వెనక లేదా దాని కింద, బోర్లించిన చిన్న గిన్నెలాగా ఉంటుంది. గ్లవ్ బాక్స్ రెండు పక్కలనూ లోపలికి నొక్కితే చాలా కార్లలో అది కిందకు జారుతుంది. కొన్నింటికి స్క్రూలు విప్పాలి. ఆ ప్రాంతంలోనే ప్రయాణికుడి వైపు ఎయిర్‌బ్యాగ్ వైర్లు కూడా పోతాయి. పసుపు రంగు కప్లర్ గాని, పసుపు తొడుగు వేసిన వైరు గాని కనిపిస్తే దానిని ముట్టకూడదు, టెస్టింగ్ బల్బు అసలే పెట్టకూడదు. భాగాలు విప్పవలసి వస్తే ముందుగా బ్యాటరీ నెగటివ్ తీగ తీసి, కొన్ని నిమిషాలు ఆగి పని మొదలుపెట్టాలి.

కొలతలకు మాత్రం బ్యాటరీ తగిలించి ఉండాలి, కప్లర్ కూడా మోటారుకు తగిలించే ఉండాలి. మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీ మీద పెట్టి, నల్ల ప్రోబ్‌ను రంగు లేని బాడీ బోల్టుకు ఆనించి, తాళం ఆన్ చేసి, ఫ్యాన్ స్విచ్ చివరి నంబరుకు తిప్పాలి. తరువాత ఎర్ర ప్రోబ్‌ను కప్లర్ వెనక నుంచి, వైరు పక్కగా లోపలికి జొనిపి, మోటారుకు పోయే రెండు వైర్లనూ ఒకదాని తరువాత ఒకటి తాకి చూడాలి. వచ్చే జవాబులు మూడే.

రెండు వైర్ల మీదా సున్నా వస్తే కరెంటు మోటారు దాకా రానే లేదు. ఫ్యూజ్, రిలే, వాటి మధ్యనున్న వైరు చూడాలి. స్విచ్, రెసిస్టర్ మోటారుకు ముందు ఉండే కారైతే వాటిని కూడా ఈ జాబితాలో చేర్చుకోవాలి. ఒక వైరు మీద 12 వోల్టులు, రెండవదాని మీద దాదాపు సున్నా వస్తే మోటారుకు అందవలసినదంతా అందుతోంది, పోవలసిన దారీ తెరిచే ఉంది. అయినా తిరగడం లేదంటే, కప్లర్ పిన్నులు మాడలేదని, వదులు కాలేదని చూసుకొని, అప్పుడు మాత్రమే మోటారు మీద నేరం మోపాలి. ఇక రెండు వైర్ల మీదా 12 వోల్టులు కనిపిస్తే కొత్తవారు తికమకపడతారు. మోటారు లోపలికి వచ్చిన కరెంటుకు బయటికి పోయే దారి లేక అవతలి కొసదాకా నిండి నిలబడిందని దాని అర్థం. మోటారు మంచిదే, అవతలి వైపున్న స్విచ్‌లోనో, ఎర్త్‌లోనో దారి తెగింది. చాలా కార్లలో స్విచ్ మోటారు తరువాత, ఎర్త్ వైపు ఉంటుందని మొదట చెప్పింది ఇందుకే. ఈ మూడవ జవాబు వచ్చిన కార్లకు కూడా కొత్త మోటార్లు బిగించి పంపినవారు ఉన్నారు.

మల్టీమీటర్‌ను ఒక్కదానినే నమ్ముకోవడంలో చిన్న మోసం ఉంది. వైరులో పాతిక పోగులలో ఒకటే మిగిలినా, పిన్ను మీద పచ్చటి తుప్పు పట్టినా, మీటర్ 12 వోల్టులే చూపిస్తుంది, ఎందుకంటే మీటర్ తాగే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. ఆటోనగర్ ఎలక్ట్రీషియన్లు జేబులో పెట్టుకొని తిరిగే టెస్టింగ్ బల్బు ఇక్కడ మీటర్ కంటే నిజాయితీపరురాలు. ఇండికేటర్‌లో వాడే 21 వాట్ల బల్బుకు రెండు వైర్లు అతికించి, కప్లర్‌ను మోటారు నుంచి విప్పి, ఆ రెండు పిన్నుల మధ్య పెట్టి చూస్తే, అది ఒకటిముక్కాలు ఆంపియర్లు లాగుతుంది కనుక దారి బలహీనంగా ఉంటే వెంటనే మినుకుమంటుంది. ధగధగా వెలిగితే దారి చాలావరకు బాగున్నట్టు. ఇంత పెద్ద బల్బును ఏసీ కంట్రోల్ ప్యానెల్ నుంచి వచ్చే సన్నని సిగ్నల్ వైర్లకు మాత్రం తగిలించకూడదు.

దోషం మోటారు వైపే తేలితే దాని డొక్క మీద స్క్రూడ్రైవర్ పిడితో రెండుసార్లు మెల్లగా తట్టాలి. తిరగడం మొదలుపెడితే బ్రష్‌లు అరిగాయి. కొద్దిరోజులు నెట్టుకురావచ్చు గాని ఘాట్ ఎక్కే ఆలోచన ఉంటే మార్చడమే మేలు. తట్టినా తిరగకపోతే మూడు స్క్రూలు విప్పి మోటారును బయటికి తీసి, ఫ్యాన్‌ను వేలితో తిప్పి చూడాలి. తేలికగా తిరిగి, దానంతట అది నెమ్మదిగా ఆగాలి. రెండే వైర్లు ఉన్న మోటారైతే, మధ్యలో ఫ్యూజ్ కట్టిన వైర్లతో, ప్లస్ మైనస్ తారుమారు కాకుండా, బ్యాటరీ నుంచి నేరుగా సరఫరా ఇచ్చి పరీక్షించవచ్చు. మోటారు ఒక్కసారిగా ఎగిరిపడుతుంది కనుక కాలి కింద గట్టిగా అదిమిపెట్టుకోవాలి, వేళ్లు ఫ్యాన్‌కు దూరంగా ఉండాలి. మూడు నాలుగు వైర్లు వస్తే లోపల ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉన్నట్టు. దానికి నేరుగా సరఫరా ఇవ్వకూడదు.

రెసిస్టర్ ఒక్కటే మార్చి ఊరుకోకూడదు

రెసిస్టర్ అంటే అగ్గిపెట్టెంత ముక్కకు బిగించిన తీగచుట్టలు, వాటి మధ్య వేడెక్కితే తెగిపోయే ఒక థర్మల్ ఫ్యూజ్. దానిని గాలి గొట్టంలోనే, మోటారుకు జానెడు దూరంలో, రెండు స్క్రూలతో బిగిస్తారు. బయట పెట్టకుండా గాలి పోయే దారిలో పెట్టడానికి కారణం, ఆ గాలే దానిని చల్లబరచాలి. క్యాబిన్ ఫిల్టర్ మూసుకుపోయి గాలి తగ్గినా, బుష్‌లు ఎండి మోటారు ఎక్కువ కరెంటు లాగినా, రెసిస్టర్ వేడెక్కి థర్మల్ ఫ్యూజ్ తెగుతుంది. రెసిస్టర్ మార్చిన రెండు నెలలకే మళ్లీ పోయిందని విసుక్కునేవారు చాలామంది ఈ మూలాన్ని చూడనివారే. వైరును తెంచకుండా చుట్టూ పట్టి కరెంటు కొలిచే డీసీ క్లాంప్ మీటర్ ఉన్న చోట పూర్తి వేగంలో మోటారు ఎంత కరెంటు లాగుతోందో చూపించుకొని, అది ఫ్యూజ్ అంకెకు దగ్గరగా ఉంటే మోటారును కూడా మార్చవలసినదే. మామూలు మల్టీమీటర్‌లో 10 ఆంపియర్ల దాకానే కొలిచే వీలుంటుంది. దానితో ఈ కొలతకు పూనుకుంటే మీటర్ ఫ్యూజ్ పోతుంది. థర్మల్ ఫ్యూజ్ స్థానంలో తీగముక్క అతికించి ఇచ్చేవారు కూడా ఉన్నారు. నిప్పు రాకుండా ఆపేది అదొక్కటే కనుక అలాంటి మరమ్మతును ఒప్పుకోవద్దు.

నంబర్లకు బదులు డిగ్రీలు చూపించే ఆటోమేటిక్ ఏసీ ఉన్న కార్లలో తీగచుట్టల రెసిస్టర్ ఉండదు. దాని బదులు అల్యూమినియం రెక్కలున్న ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉంటుంది. అది చెడితే ఫ్యాన్ పూర్తిగా ఆగడమో, ఎంత తగ్గించినా పూర్తి వేగంతోనే తిరగడమో జరుగుతుంది. మోటారు మంచిదని పైన చెప్పిన పద్ధతిలో తేలి, మాడ్యూల్‌కు 12 వోల్టులు, ఎర్త్ సరిగా అందుతున్నా ఫ్యాన్ తిరగకపోతే, స్కానర్ ఉన్నవారి చేత ప్యానెల్ నుంచి సిగ్నల్ వస్తోందో లేదో చూపించిన తరువాతే దానిని కొనాలి. ఇది ఇంటి దగ్గర తేలే పని కాదు.

ఎలుకలు, నీళ్లు

మన ప్రాంతంలో బ్లోయర్‌ను చెడగొట్టే రెండు శత్రువుల గురించి కారుతో పాటు ఇచ్చే పుస్తకంలో ఉండదు. చంద్రగిరి, పీలేరు వైపు పల్లెల్లో ఇంటి ముందు ఆపి ఉంచిన కార్ల ఫిల్టర్ తీస్తే వేరుశనగ తొక్కలు, చింపిన గుడ్డపీలికలు, దూది రాలడం నేను చూశాను. ఎలుక బయటి గాలి వచ్చే దారిగుండా దూరి, ఫ్యాన్ గిన్నెలో గూడు కట్టి, తీరికగా వైర్లు కొరుకుతుంది. తొక్క ఒకటి రెక్కల్లో ఇరుక్కుంటే టపటపమనే చప్పుడు, గుడ్డపీలిక చుట్టుకుంటే ఫ్యాన్ పూర్తిగా బిగుసుకోవడం. రాత్రిపూట లోపలి గాలి తిరిగే మీట నొక్కి కారు ఆపితే ఆ దారి చాలా కార్లలో మూసుకుంటుంది.

నీళ్లది ఇంకొక తీరు. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గరున్న జాలీలో వేప, కానుగ ఆకులు రాలి కుళ్లి, వాననీళ్లు పోయే రంధ్రాన్ని మూసేస్తే ఆ నీరు నేరుగా బ్లోయర్ మీదకు దిగుతుంది. ఎడమవైపు కార్పెట్ తడిగా తగిలితే ముందు అక్కడ చూడాలి. 2021 నవంబరు వరదల్లో తిరుపతి వీధుల్లో మునిగిన కార్ల వంటివాటిలో ఈ తుప్పు ఏళ్ల తరబడి లోపల తింటూనే ఉంటుంది కనుక, పాత కారు కొనేవారు బ్లోయర్ కప్లర్ విప్పి పిన్నుల రంగు చూడటం తెలివైన పని. పచ్చగా ఉంటే బేరం మళ్లీ మొదలుపెట్టవచ్చు.

కప్లర్ మాడి ఉంటే పిన్నును గీకి మళ్లీ తగిలించడం వల్ల ప్రయోజనం ఉండదు. వేడికి స్ప్రింగు పట్టు పోయిన పిన్ను వదులుగానే ఉండి మళ్లీ మాడుతుంది. పాత వైరంత మందం ఉన్న వైర్లతో వచ్చే కొత్త కప్లర్ కొని, మాడిన భాగాన్ని రాగి మెరిసేదాకా కత్తిరించి, సరిగా క్రింప్ చేసి, అంటే లోహపు తొడుగులో నొక్కి బిగించి, వేడికి బిగిసే గొట్టం తొడిగించాలి. నా కారుకు జరిగినది ఇంతే, అరగంట పని.

దారి మధ్యలోనే ఆగిపోతే, ముఖ్యంగా భాకరాపేట ఘాట్‌లోనో, పలమనేరు దారిలోని మొగిలి ఘాట్‌లోనో, తిరుమల కొండ మీదనో ఆగిపోతే, తడి గాలి లోపల నిలవకుండా ఎదురెదురు కిటికీలు కొద్దికొద్దిగా దించి, లోపలి గాలి మీట తీసేసి బయటి గాలి వచ్చేలా పెట్టి, అద్దం అప్పటికీ తేటపడకపోతే వెడల్పు ఉన్న చోట హజార్డ్ లైట్లు వేసి ఆగడమే మంచిది. ఇంజిన్ వేడెక్కినప్పుడు హీటర్‌ను పూర్తిగా పెట్టి ఆ వేడిని కారులోకి లాగే పాత డ్రైవర్ల ఉపాయం కూడా బ్లోయర్ లేకపోతే పారదు కనుక, ఎక్కుతున్నప్పుడు ఉష్ణోగ్రత ముల్లు మీద ఒక కన్ను వేసి ఉంచాలి.

మరమ్మతు ఏదైనా, గ్లవ్ బాక్స్ మూసేముందు ఇంజిన్ నడుస్తుండగా ఒక్కొక్క నంబరులోనూ ఫ్యాన్ తిప్పి చూసి, చివరి నంబరులో పది నిమిషాలు వదిలి, ఆ తరువాత స్విచ్ ఆపి కప్లర్‌ను రెండు వేళ్లతో పట్టుకోవాలి. గోరువెచ్చగా ఉంటే గ్లవ్ బాక్స్ బిగించవచ్చు. వేలు ఆనించలేనంత కాలుతుంటే పని ఇంకా పూర్తికాలేదు. ఎలక్ట్రీషియన్ వెళ్లిపోకముందే ఆయన చెయ్యి కూడా ఒకసారి పెట్టించాలి.